ఖోర్ నుంచి కోరుట్ల దాకా

డేరా ఒడ్డున అబ్రా ఎక్కితే కొద్ది నిమిషాల్లో బర్ దుబాయిలో దిగొచ్చు. టికెట్టు ఒక దిర్హాము. చెక్క పడవ, నడుమ ఇంజను, దాని మీద పొడుగాటి బల్ల, బల్లకు అటూ ఇటూ వీపులు ఆనించుకుని కూర్చున్న జనం. పడవ నడిపే బంగ్లాదేశ్ కుర్రాడు ఇంజను పక్క గుంటలో ఉన్నాడు. చక్రాన్ని పాదంతో తిప్పుతూ రెండు చేతులా చిల్లర పోగు చేసుకుంటున్నాడు. ఎదుటి ఒడ్డున మినార్లు, వాటి పక్కన చదరంగా లేచిన గాలి గోపురాలు. వెనక ఒడ్డున వరసగా కట్టేసిన సరుకు లాంచీలు, గట్టు మీద పేర్చిన టైర్లు, ఫ్రిజ్‌లు, బస్తాలు.

సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఈ ఉప్పునీటి పాయను ఖోర్ అంటారు. మొదట్లో దుబాయి అంటే దీని రెండు గట్లే. 1968లో జనాభా లెక్క తీస్తే ఊరు మొత్తం దాదాపు 59 వేలు. ఇప్పుడు 38 లక్షలు దాటింది. ఆ మొదటి ఊళ్లో చిన్నతనంలో తిరిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆకాశాన్నంటే మేడల ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి. ఆ మేడలకు ముందు ఊరెలా ఉండేదో, ఎప్పుడు, దేనివల్ల ఎదగడం మొదలుపెట్టిందో చూసినవాళ్ల నోట వినాలని వెళ్లాను.

బర్ దుబాయి వైపు దిగి కాస్త నడిస్తే అల్ ఫహీదీ పేట వస్తుంది. పాతవాళ్లు బస్తకియా అంటారు. ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్లివి. అక్కడ సుంకాలు పెరిగాయి, ఇక్కడి షేక్ సుంకాలు ఎత్తేశాడు, వాళ్లు వ్యాపారంతో సహా ఈ ఒడ్డుకు మారిపోయారు. పగడపు రాయి, సున్నం కలిపి కట్టిన గోడలు. మిట్టమధ్యాహ్నం తప్ప నేలకు ఎండ తగలనంత ఇరుకు సందులు. ఇళ్ల మీద బర్జీల్ అనే గాలి గోపురాలు. గోపురం నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, లోపల మూల నుంచి మూలకు అడ్డగోడలు ఉంటాయి. ఏ దిక్కు నుంచి గాలి వీచినా ఆ గోడలు దాన్ని పట్టి కిందికి దింపుతాయి, గదిలోని వేడి గాలి రెండో వైపు నుంచి పైకి పోతుంది. ఒక గోపురం కింద చాలాసేపు నిలబడ్డాను. బయట సందులో ఆకు కదలడం లేదు, నా మెడ మీద మాత్రం సన్నగా గాలి తగులుతూనే ఉంది. 1980ల్లో ఈ పేటలో చాలా భాగం పడగొట్టేశారు. మిగిలిందైనా నిలిచిందంటే, అక్కడే కాపురమున్న రేనర్ ఓటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ పట్టుబట్టి పోరాడటం అందుకు పెద్ద కారణం.

ఆ ఇళ్లలో ఒకదాంట్లో, షేక్ మొహమ్మద్ పేరుతో 1998 నుంచి నడుస్తున్న సాంస్కృతిక అవగాహన కేంద్రం ఉంది. బయటి దేశాలవాళ్లను నేల మీద కూర్చోబెట్టి, ఎమిరాతీ భోజనం పెట్టి, ఏం అడిగినా జవాబు చెబుతారు. మాకు ఖవా అనే అరబ్బీ కాఫీ పోసిన పెద్దాయన, అన్నం కన్నా ముందు వాళ్ల నాయనమ్మ సంగతులు వడ్డించాడు. ఆవిడ కాలంలో కుళాయి లేదు. బావి నీళ్లు రేకు డబ్బాల్లో నింపి, గాడిదల మీద వేసుకొచ్చి, గుమ్మం గుమ్మానికీ తిరిగి అమ్మేవారు. మొహం కడిగిన నీళ్లతోనే వాకిలి తడపాలి. ఎండాకాలం ఖర్జూరపు మట్టలతో కట్టిన బరస్తీ పాకల్లోకి మారేవారు. మట్టల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి రాతి ఇంటికన్నా పాకే సుఖం. 1961లో కరెంటు వచ్చింది. వాళ్లింటికి తీగ లాగాక ఆవిడ బల్బును పెద్దగా పట్టించుకోలేదట. ఫ్యాను కింద మంచం వేయించుకుని మళ్లీ లేవలేదట.

"మా నాయనమ్మ చివరి దాకా దిర్హాము అనలేదు, రుబ్బియ్య అనే అనేది" అన్నాడాయన. అది మన రూపాయే. ఈ తీరమంతా దశాబ్దాల తరబడి భారత రూపాయి మీదే నడిచింది. 1909లో ఇక్కడ తెరిచిన తపాలా ఆఫీసు కూడా బ్రిటిష్ ఇండియాదే, స్టాంపులు మన స్టాంపులే. బంగారం దొంగరవాణాకు రూపాయలు ఇటు తరలిపోతున్నాయని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చు వేసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించగానే ఇక్కడివాళ్లు ఆ నోట్లు కూడా వదిలేశారు. దిర్హాము పుట్టింది 1973లో.

ఇంకో బంధం మన హైదరాబాదుకే చెందింది. ఈ ఊరికి మొదట తిండి పెట్టింది ముత్యం. ముక్కుకు క్లిప్పు, కాళ్లకు రాయి కట్టుకుని ఈతగాళ్లు సముద్రంలోకి దిగేవారు. దొరికిన ముత్యాలు బొంబాయి వెళ్లేవి, అక్కడి నుంచి సంస్థానాధీశుల మెడల్లోకి. బస్రా ముత్యాలని మన పెద్దలు గొప్పగా చెప్పుకునేవి ఈ గల్ఫ్ నీళ్లలో దొరికినవే. నిజాము నగల్లో ఉన్నవీ, చందన్‌పేట పనివాళ్ల చేతుల్లో రంధ్రాలు పడినవీ అవే. 1930 ప్రాంతంలో జపాను పెంపకపు ముత్యాలు, దాంతోపాటు ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చిపడి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. ఆ తర్వాత వచ్చిన ఆకలి ఏళ్ల గురించి కూడా పెద్దాయన చెప్పాడు. యుద్ధకాలంలో రేషను బియ్యం కోసం నిలబడ్డ క్యూల కథలు వాళ్లింట్లో పిల్లలందరికీ నోటికి వచ్చట.

దుబాయిని చమురు కట్టిందని మనం అనుకుంటాం. తేదీలు చూస్తే అది నిలవదు. చమురు కనపడింది 1966లో, ఓడకెక్కింది 1969లో. అంతకు పదేళ్ల ముందే అప్పటి దుబాయి పాలకుడు షేక్ రషీద్ ఖోర్ తవ్వించడం మొదలుపెట్టాడు. పాయ మూతి ఇసుక మేట వేసి లాంచీలు తిరగలేని స్థితికి వచ్చింది. పక్కనున్న షార్జా పాయ కూడా అలాగే పూడుతోంది. రషీద్ ఊళ్లో వర్తకులకు బాండ్లు అమ్మి, కువైట్ దగ్గర అప్పు తెచ్చి, 1961 కల్లా పాయను లోతు చేయించాడు. తీసిన ఇసుకతో పల్లపు నేలలు మెరక చేసి, ఆ నేలలు అమ్మించాడు. 1960లోనే జాన్ హారిస్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ చేత ఊరికి ప్లాను గీయించాడు, గట్టి ఇసుక నేల మీద విమానాశ్రయం తెరిచాడు. 1963లో మొదటి వంతెన అల్ మక్తూమ్ బ్రిడ్జి వేసి, కట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి పదేళ్లు టోలు వసూలు చేశాడు. తీర్చగలనో లేదో తెలియని అప్పు మీద ఊరి భవిష్యత్తును పెట్టిన మనిషి. ఇంత తెగువ నాకు మిగతా కథలో ఎక్కడా కనిపించలేదు. ఆ లాంచీల్లో పోయిన సరుకులో బంగారం పెద్ద భాగం. లండన్ నుంచి దర్జాగా దుబాయికి దిగుమతయ్యేది, ఇక్కడ చట్టం ప్రకారం తప్పేమీ లేదు. భారత తీరం చేరితేనే అది దొంగ సరుకు. మన దేశం బంగారం మీద ఎంత గట్టిగా ఆంక్షలు పెడితే ఈ పాయలో అంత డబ్బు పారింది.

ఈ సంగతుల్ని సొంత కళ్లతో చూసిన మనిషి బట్టల బజారులో దొరికాడు. పాత కోట దాటి ఖోర్ గట్టు వెంట నడిస్తే చెక్క పైకప్పు కింద బట్టల దుకాణాల వరస. సింధు ప్రాంతంలోని ఠట్టా నుంచి, కచ్ఛ్ నుంచి వచ్చిన కుటుంబాలు నూరేళ్లకు పైగా ఇక్కడ వర్తకం చేస్తున్నాయి. డెబ్బై దాటిన ఒక సింధీ దుకాణదారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, హిందీలో మొదలుపెట్టాడు. తాత ముత్యాల రోజుల్లో వచ్చాడు. ఈయన పుట్టింది ఇక్కడే. వంతెన తెరిచిన ఏడాది స్కూలు ఎగ్గొట్టి టోలు గేటు దగ్గర కార్లు లెక్కపెట్టాడట. "సాయంత్రం దాకా కూర్చున్నా వేళ్లు సరిపోయాయి భాయ్" అన్నాడు.

బొంబాయి నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు వచ్చేవి. ద్వారకా, దారా, డుమ్రా, దరేసా. డెక్కు టికెట్టు కొన్నవాళ్లు పరుపు చుట్టతో సహా ఆకాశం కిందే పడుకునేవారు. ఖోర్‌లోకి అంత పెద్ద ఓడ రాలేదు కాబట్టి దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. జనం పడవల్లోకి దిగి ఒడ్డుకు చేరాలి. 1961 ఏప్రిల్‌లో దారా అలా లంగరు వేసి ఉండగా తుఫాను గాలి లేచింది. ఓడ లంగరు ఎత్తి నడిసముద్రానికి పోయింది. సాగనంపడానికి ఎక్కిన చుట్టాలు, సామాన్లు అమ్ముకోవడానికి ఎక్కిన చిల్లర వర్తకులు దిగే వ్యవధి లేక అందులోనే ఉండిపోయారు. 8వ తేదీ తెల్లవారుజామున ఓడలో పేలుడు జరిగింది. 238 మంది పోయారు. "మా వీధిలో ఒకాయన వదినగారిని ఎక్కించి వస్తానని వెళ్లాడు. ఆ రోజు మా అమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి గట్టుకు పరిగెత్తింది. మేం ఇంటికి వచ్చేసరికి గిన్నె అడుగు కరిగిపోయి ఉంది." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చేయి గుడ్డ కొలిచే గజం బద్ద మీదే ఉంది, కొలవడం మాత్రం ఆగింది.

ఈ సందుల్లోనే 1958లో షేక్ రషీద్ అనుమతితో హిందువులు గుడి పెట్టుకున్నారు. మెట్ల పక్క పూలబుట్టలు, టెంకాయలు, ఆ వెనకే మసీదు గోడ. 2022లో జెబల్ అలీలో పెద్ద ఆలయం తెరిచారు. దుకాణదారు పండగలకు అక్కడికీ వెళతాడు, కానీ ఆయన పెళ్లి ప్రదక్షిణలు జరిగింది ఈ ఇరుకు సందులోనే. ఇంతా చెప్పి ఆయన చివర్లో అన్న మాట నన్ను పట్టుకుంది. పుట్టిన ఊళ్లో ఇప్పటికీ గడువు చూసుకుని వీసా పొడిగించుకుంటాడు. ఆయన పౌరసత్వం భారతదేశానిది. ఊరు గుర్తులన్నీ ఆయన తలలో ఉన్నాయి, ఊరికి ఆయన మీద ఉన్నది ఒక తేదీ వేసిన స్టాంపు.

మెట్రో ఎక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగాను. 39 అంతస్తులు. ఎలిజబెత్ రాణి 1979లో ప్రారంభించినప్పుడు చుట్టూ ఇసుకే. ఊరికి ఇంత దూరంలో ఇంత పెద్ద మేడ ఎవరికోసమని చాలామంది అడిగారట. ఇది కూడా హారిస్ గీసిందే. 100 దిర్హాముల నోటు మీద దీని బొమ్మ వేశారు. ఇప్పుడు చుట్టూ ఉన్న గాజు మేడల మధ్య పొట్టిగా, తేనెపట్టు గదుల్లాంటి కాంక్రీటు గూళ్లతో నిలబడి ఉంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ఇక్కడ ఎండను అద్దంతో ఎదిరించలేదు, నీడతో ఆపారు.

ఆ రాత్రి కరామాలో ఒక తెలుగు మెస్సులో పప్పు, గోంగూర, నాటుకోడి. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఏసీ మెకానిక్‌ది కోరుట్ల. ట్రేడ్ సెంటర్ చూసొచ్చానని చెప్పగానే నవ్వాడు.

"అన్నా, అది మా బాపు కట్టిండు. డెబ్బై ఏడుల లేబరుగ వచ్చిండు. నువ్వు గిన్ని దినాలు గీడ తిరిగి ఎవ్వలనడుగుతవ్? కోరుట్లకు పో, ఆయన్నడుగు."

అప్పుడు తట్టింది. ఈ ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్లే. వాళ్లలో ఎక్కువమందికి పని ఉన్నన్నాళ్లే వీసా. పని అయిపోతే, వయసైపోతే సంచీ సర్దుకోవాలి. 1970ల్లో రేవులు తవ్వినవాళ్లు, రోడ్లు పరిచినవాళ్లు, ఈ గూళ్ల మేడకు చెక్కలు బిగించినవాళ్లు ఇక్కడ ముసలివాళ్లు కాలేదు. ముసలితనానికి ఇంటికి పోయారు. పోతూ పోతూ తాము చూసిన దుబాయిని కూడా పట్టుకుపోయారు. కేరళలో తిరూరుకో, పెషావరు పక్క పల్లెలకో, మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ఊళ్లకో. ఎడారి నగరం తొలినాళ్ల జ్ఞాపకంలో పెద్ద వాటా పసుపు చేలు, తునికాకు బీడీల ఊళ్లలో ఉంది.

హైదరాబాదు వచ్చాక జూబ్లీ బస్టాండులో కోరుట్ల బస్సెక్కాను. కరీంనగర్, జగిత్యాల దాటాక దారి పొడుగునా గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు కనపడతాయి. కొన్నింటికి పై అంతస్తులో ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి, కొడుకు ఇంకో రెండేళ్లు చేస్తే ఆ గది పూర్తవుతుంది. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని ఈ జిల్లాల్లో నానుడి. సాగునీరు లేక, మగ్గం ఆడక బతుకుదెరువు వెతుక్కున్న మూడు దిక్కులవి.

ఆ మెకానిక్ తండ్రి, పెద్దాయన, అరుగు మీద చేటలో బీడీలు సర్దుతున్న భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. కొడుకు ఫోను చేసి చెప్పాడు కాబట్టి ఎదురుచూస్తున్నాడు. "కూసో బిడ్డా. ఏం తాగుతవ్?" అని, జవాబు వినకుండానే చాయ్ కేకేశాడు.

"బాపూ, మొదటిసారి పోయినప్పుడు ఎట్లా ఉండె?" అని అడిగాను.

"బొంబయిల కామాటిపురంల మనోళ్ల రూముల నెలన్నర పడి ఉన్న. ఏజెంటు రేపు, రేపు అంటడు. ఆఖరుకు విమానమెక్కిన. దిగినంక సూస్తే ఇసుక, ఇసుక మీద మా క్యాంపు. ఊరేదిరా అంటే మా మేస్త్రీ సెయ్యి సూపెట్టిండు, ఎక్కడ్నో దీపాలు."

ఆయనది షట్టరింగు హెల్పరు పని. చెక్క పలకలకు నూనె రాయాలి, బిగించాలి, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పాలి, మేకులు పీకి వంపు తీసి మళ్లీ డబ్బాలో వేయాలి. ఎండాకాలం పగలు కాంక్రీటు పోస్తే ముదరకముందే పగులుతుంది. అందుకని రాత్రిళ్లు పోసేవారు, కలిపే నీళ్లలో ఐసుగడ్డలు వేసేవారు. "మాకు తాగెటందుకు సల్లటి నీళ్లు లేకుండె, సిమెంటుకు ఐసు ఏస్తుండ్రి. నేను సాటుకు ఒక గడ్డ తీసి తువ్వాలల కట్టుకుని నెత్తి మీద పెట్టుకునేటోన్ని" అన్నాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయట పని ఆపాలనే నిబంధన అప్పటికి లేదు, చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. వరసలో పక్కన పఠానులు, మలయాళీలు. హిందీ అక్కడే నేర్చుకున్నాడు, ఇప్పటికీ పఠాను యాసతోనే మాట్లాడతాడు. దిర్హాముకు అప్పుడు రెండు రూపాయల చిల్లర వచ్చేది. మొదటి రెండేళ్ల జీతం ఏజెంటు కోసం తెచ్చిన మిత్తి అప్పుకే సరిపోయింది.

చదువు రాదు కాబట్టి ఉత్తరాలు లేవు. క్యాంపులో ఒకరికి టేపు రికార్డరు ఉండేది. శుక్రవారం పూట వరసగా కూర్చుని ఒక్కో క్యాసెట్టులో ఇంటికి మాట్లాడేవారు. ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. ఇంటి నుంచి క్యాసెట్టు రావడానికి నెలలు పట్టేది. అందులో అమ్మ గొంతు, బర్రె ఈనింది, చెరువు నిండలేదు, ఫలానా ఆయన పిల్ల పెళ్లి, మధ్యలో కోడి కూత. పదిమందీ ఒకరి క్యాసెట్లు ఒకరు వినేవారట. "ఆ కోడి మాదని మస్తుమంది కొట్లాడిన్రు" అని పెద్దమ్మ బీడీల చేట పక్కన పెట్టి అందుకుంది. క్యాసెట్లన్నీ ఏమైనాయని అడిగితే ఒకటి కూడా మిగల్లేదంది. పిల్లలు వాటి మీదే సినిమా పాటలు ఎక్కించుకున్నారు.

ఫోనులో నేను తీసిన ఫొటోలు చూపించాను. గాజు మేడల్ని ఆయన త్వరత్వరగా పక్కకు జరిపేశాడు. ట్రేడ్ సెంటర్ దగ్గర ఆగాడు. వేలితో పెద్దది చేసి, గూళ్లు కింద నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"ఈడికాడికి నేను చేసిన. మీదికి మళ్ల వేరే గ్యాంగు. నన్ను పైపుల పనికి మార్చిన్రు. గీ రోడ్డు కింద ఉన్నయి జూడు, గవి మేం ఏసినయే. ఇప్పుడు ఉన్నయో పీకిన్రో?" అని నన్నే అడిగాడు. నేను తేరిపారి చూసినా ఫొటోలో తారే కనపడింది. ఆయనకు మాత్రం తారు కింద ఏది ఏ లోతులో ఉందో, ఎక్కడ మలుపు తిరిగిందో, ఏ చోట కందకం గోడ కూలి ఇద్దరిని బయటికి లాగారో అన్నీ వరసగా తెలుసు. ఒక కాగితం మీద పెన్సిలుతో గీసి చూపించాడు. ఖోర్, వంతెన, క్యాంపు, ట్రేడ్ సెంటర్, మధ్యలో నీళ్ల లారీ ఆగే చోటు. ఏ మ్యూజియంలోనూ నేను ఇలాంటి పటం చూడలేదు. దాన్ని ఆయన అనుమతితో ఫొటో తీసుకున్నాను.

ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంకా ఎవరున్నారని అడిగాను. ఇద్దరు పోయారు. ఒకరు కొడుకు దగ్గర భివండీలో ఉన్నాడు. మెట్‌పల్లిలో ఒకాయన జెబల్ అలీ రేవు తవ్వకంలో మొదటి నుంచీ ఉన్నాడట, నీళ్లు లేని ఇసుకను తవ్వుతూ పోయి చివరికి సముద్రాన్ని లోపలికి వదిలిన రోజు గట్టు మీదే ఉన్నాడట.

"ఆయనకు పానం బాగుంటలేదు. ఎల్లుండి అనకు, రేపు పొద్దుగాల్నే పోదాం" అన్నాడు పెద్దాయన. "చెవులు సరిగ వినవడయి, గట్టిగ అడగాలె. ముందుగాల రేవు ముచ్చట తియ్యి. జీతం ముచ్చట తీస్తివా, పొద్దుగూకే దాకా అదే చెప్తడు."